గరాటు మొక్కలో నీళ్ళు

ఆ నాలుగు వీధుల్లో ఆవిణ్ణి అందరూ పారబోత పిన్ని అనేవారు. నీలం కోటు గేటు దగ్గర కనపడిందంటే చాలు, లోపల్నుంచి ఎవరో ఒకరు "పారబోత పిన్ని వచ్చింది, బకెట్ల మీద మూతలు పెట్టండర్రా!" అని కేకేసేవారు. ఆవిడ నవ్వేది కాదు, కోప్పడేది కాదు. తిన్నగా పెరట్లోకి పోయి, మూత పెట్టిన బకెట్టునే ముందు తెరిచేది. "దాచినవాళ్ళే దారి చూపిస్తారు" అనేది.

ఆరోగ్యశాఖలో అదొక ఉద్యోగం. జ్వరాలొచ్చే కాలంలో ఇంటింటికీ వెళ్ళి నిలవ నీళ్ళెక్కడున్నాయో చూడాలి, పారబోయించాలి. ఆవిడ సంచిలో టార్చి, తెల్ల పింగాణీ గిన్నె, రబ్బరు తలకాయ ఉన్న డ్రాపరు, చిన్న చిన్న గాజు సీసాలు, సుద్దముక్క ఉండేవి. నిలవ నీళ్ళు తెల్ల గిన్నెలోకి తీసి వెలుతురుకి పెడితే, దోమపిల్లలు తోకాడించుకుంటూ పైకీ కిందకీ తిరగడం ఇట్టే తెలుస్తుంది. అవి ఏ దోమ పిల్లలో కంటితో చూసి చెప్పకూడదు. డ్రాపరుతో పీల్చి సీసాలో వెయ్యాలి, సీసా మీద ఇంటి నంబరు రాయాలి, తీసిన రోజే ఆఫీసులో ఇవ్వాలి. చూడాల్సిన చోట్లు ఏవేవో ఒక అట్ట మీద అచ్చువేసి ఇచ్చారు. డ్రమ్ము, తొట్టి, పాత టైరు, ఫ్రిజ్ వెనక పళ్ళెం, కూలరు, కుండీ కింది పళ్ళెం, అలా మొత్తం పదకొండు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి ఆవిడ. ఆ పదకొండూ ఎక్కాల్లా వల్లించుకుంది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క ఇల్లూ వదల్లేదు, ఒక్క చోటూ మరవలేదు. పన్నెండో చోటు ఒకటి ఉంటుందని మాత్రం ఆవిడకి తోచలేదు.

వాళ్ళుండేది మేడ మీద రెండు గదుల వాటాలో. బయటినుంచి మెట్లు. ఆవిడ భర్త ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పనిచేస్తాడు. ఇంటికొచ్చినా చేతులకి కాగితం పొడి వాసనే. ఆయన చెల్లెలు కూడా వాళ్ళతోనే. అమ్మానాన్నలు పోయాక ఆయనే పెంచాడు. ఆవిడ ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆడపడుచుకి తొమ్మిదేళ్ళు, పళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, ఆవిడకి పిల్లలు లేని లోటు తీర్చింది ఆ పిల్లే. పెద్దదై పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే ఉద్యోగంలో చేరింది. పెళ్ళి మాట ఎత్తితే "మీ ఇద్దర్నీ చూశాక కూడానా?" అని నవ్వేసేది. ముప్ఫై దాటినా వాళ్ళన్నయ్య 'చిన్నది' అనే పిలిచేవాడు.

మెట్ల మీద మొక్కలు చిన్నదానివే. డాక్టరు గది కిటికీలో ఒక మొక్క ఉండేది. మట్టితో దానికి పెద్ద పని లేదు. కత్తుల్లాంటి ఆకులన్నీ మొదట్లో ఒకదాన్నొకటి పొదువుకుని గరాటులా నిలబడతాయి. పైనుంచి పోసిన నీళ్ళు ఆ గరాటులో నిలుస్తాయి. మొక్క ఆ నీళ్ళే తాగి బతుకుతుంది. నడుమ ఎర్రటి పువ్వొకటి పూసి, ఎండి, పక్కన పిలకలేస్తుంది. ఆ పిలక ఒకటి సంచిలో వేసుకొచ్చి నాటింది చిన్నది. ఆరేళ్ళలో ఎనిమిది కుండీలయ్యాయి. మెట్టుకొకటి. వచ్చేపోయేవాళ్ళ మోకాళ్ళకి ఆకులు గీసుకుంటుంటే కింది ఇస్త్రీ బాబాయ్ "ఇవి మొక్కలా, కాపలా కుక్కలా తల్లీ?" అనేవాడు.

శుక్రవారం సాయంత్రం పారబోత పిన్ని తన ఇంటిని కూడా తనిఖీ చేసేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. కోటు విప్పకుండానే మెట్లెక్కేది.

"వదినా, తనిఖీకొచ్చావా, టీకొచ్చావా?" అని పైనుంచి అడిగేది చిన్నది.

"ముందు తనిఖీ. పళ్ళేలు ఎత్తు."

"ఊళ్ళో నీళ్ళన్నీ పారబోసింది చాలక నా మొక్కల నోట్లో నీళ్ళు కూడా లాగేస్తావా?"

"మొక్క నోట్లోవి మొక్కవి. నాకెందుకు? పళ్ళెంలోవి నావి."

అలా ఎనిమిది కుండీల కింది పళ్ళేలూ ఎత్తి, తుడిచి, బోర్లించేది. పళ్ళేలకి జానెడు పైన, ఆకుల సందుల్లో, అంతకు నాలుగింతల నీళ్ళుండేవి. వారం వారం వాటి మీదే వంగి, ఆకులు మొహానికి తగులుతుంటే పక్కకి తోసుకుని, పళ్ళేలు తుడిచేది.

ఆ ఏడు జ్వరం చిన్నదానికి వచ్చింది. నాలుగు రోజులు ఒళ్ళు పేలిపోయింది. అయిదో రోజు తగ్గితే వాళ్ళన్నయ్య ప్రెస్సుకి వెళ్ళాడు. ఆ జ్వరం తగ్గినప్పుడే భయపడాలని ఆవిడకి తెలుసు. ఆ మాటున్న కాగితాలు ఆ నాలుగు వీధుల్లో పంచింది తనే. మధ్యాహ్నం చిన్నది కడుపు పట్టుకుంటే ఆవిడే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఏడో రోజు పొద్దున్న చిన్నది పోయింది.

జ్వరంతో మనిషి పోయిన ఇంటిని తనిఖీ చెయ్యాలన్నది ఆఫీసు రూలు. సూపర్‌వైజరు వచ్చి కాసేపు కూర్చుని, లేస్తూ కాగితం ఆవిడ చేతికే ఇచ్చాడు. "నీ ఇల్లు నీకన్నా ఎవరికి తెలుస్తుందమ్మా, నువ్వే చూసి రాసెయ్." ఆవిడ కళ్ళు తుడుచుకుని పదకొండు చోట్లూ మళ్ళీ చూసింది. 'నిలవ నీళ్ళు లేవు' అని రాసి సంతకం పెట్టింది. నిజమనుకునే పెట్టింది.

ఆయన ఏడవలేదు. రోజూ పనికెళ్ళాడు, వచ్చాడు. అన్నం ముందు కూర్చుని ఒకటే అడిగేవాడు.

"ఎక్కడ కుట్టి ఉంటుంది?"

"ఎక్కడని చెప్పను? దోమకి ఇల్లూ వాకిలీ ఉందా?"

"ఉంటుంది. నువ్వే అనేదానివి, ఆ దోమ పుట్టిన చోటుకి నాలుగిళ్ళ దూరం దాటిపోదని. నీ ఉద్యోగమే అది కదా, కనుక్కో."

ఆయన ముద్ద కలిపి, కలిపి, చెయ్యి కడిగేసుకునేవాడు.

రెండు వారాలు దాటేసరికి ఆయనకే ఒక జవాబు దొరికింది. మెట్ల కింద ఇస్త్రీ కొట్టు. ఒక బల్ల, ఒక పెట్టె, బట్టల మీద చల్లుకోడానికి సగానికి కోసిన డ్రమ్ములో నీళ్ళు. ఇస్త్రీ బాబాయ్ ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. పోయిన రోజున చిన్నదాని మీద కప్పడానికి తెల్ల దుప్పటి ఇస్త్రీ చేసి పైకి తెచ్చింది కూడా అతనే.

"వాడి డ్రమ్ములోంచే" అన్నాడు ఆయన ఒక సాయంత్రం, చొక్కా విప్పుతూ.

"కాదండీ. అతను రోజూ కొట్టు కట్టేటప్పుడు దాన్ని బోర్లిస్తాడు. పన్నెండేళ్ళుగా చూస్తున్నా."

"నువ్వు శుక్రవారం చూస్తావు. మిగిలిన ఆరు రోజులూ?"

"ఆరు రోజులూ నేను ఆ మెట్లే ఎక్కి దిగుతున్నాను కదా."

"వాణ్ణి వెనకేసుకు రాకు. ఎవడో ఒకడి నీళ్ళలో పుట్టిందిగా అది! ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఆ మర్నాడే ఆయన తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసి ఆఫీసులో ఇచ్చొచ్చాడు. సూపర్‌వైజరు దాన్ని ఆవిడకి చూపిస్తూ ఇబ్బంది పడ్డాడు. "మీ ఇంటి సంగతి కాబట్టి నువ్వు చూడ్డానికి లేదమ్మా. సోమవారం మధ్యాహ్నం పక్క వార్డు అతన్ని పంపిస్తా. మనిషి పోయిన ఇల్లు కదా, డ్రమ్ములో నీళ్ళు కనిపిస్తే చాలు, కొట్టు తీయించమని రాసేస్తాడు." మధ్యాహ్నం పూట ఆ డ్రమ్ములో నీళ్ళు ఉండక ఏముంటాయి? ఇంటి ఓనరుకి ఎప్పట్నుంచో ఆ చోట కారు పెట్టుకోవాలని ఉంది. కాగితం ఒకటి చేతికొస్తే ఇస్త్రీ బాబాయ్ బల్ల మర్నాడు రోడ్డు మీద ఉంటుంది.

అది బుధవారం. గురువారం పని నుంచి వస్తూ ఆవిడ మెట్ల మీద ఆగింది. చిన్నది పోయాక మొక్కలకి ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. పంతొమ్మిది రోజులు. ఆకుల చివళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. అయ్యో, వీటినీ చంపుకుంటున్నాం అనుకుని చెంబుతో నీళ్ళు తెచ్చి మొదటి మొక్క గరాటులో పోసింది. నీళ్ళు నిండి అంచు దాటి ఆవిడ అరచేతి మీద పడ్డాయి. అరచేతిలో ఏదో తోకాడించింది.

ఆవిడ చాలాసేపు దాన్నే చూసింది. అరచేతిలో నీళ్ళు ఇంకిపోయి అది గింజుకోవడం మొదలుపెట్టాక గానీ కదల్లేదు. మెట్టు మీదే చతికిలబడి సంచిలోంచి తెల్ల గిన్నె, డ్రాపరు తీసింది. ఒక్కో ఆకూ వెనక్కి వంచి, ఆ సందులో డ్రాపరు దింపి, పీల్చి, గిన్నెలో వదిలింది.

పన్నెండేళ్ళలో ఎన్నో గిన్నెలు చూసింది గానీ ఇలాంటి గిన్నె చూడలేదు. డ్రమ్ముల్లో అయితే దోమపిల్లలే ఉంటాయి, అన్నీ ఒక్క తీరే. ఇక్కడ ఒక ఊరే ఉంది. కుళ్ళిన ఆకుముక్కల మధ్య దారప్పోగులాంటి ఎర్రటి పురుగు మెలికలు తిరుగుతోంది. ఆవగింజలో సగం కూడా లేనివి, గింజల్లా గుండ్రంగా ఉన్నవి, గిరగిరా ఈదుతున్నాయి. వెంట్రుక కన్నా సన్నటి తెల్ల పురుగులు, గోరు మీద పట్టేంత నత్త. వీటన్నిటి నడుమా తలకిందులుగా వేలాడుతూ దోమపిల్లలు, ఇరవై పైనే. అడుగున మాత్రం ఒకటి, మిగతావాటికి మూడింతలుంది, ముదురు ఎరుపు, కదలకుండా పడుకుని ఉంది. అడుగు సందులో చీకటిగా ఉన్న నీళ్ళలో కొందరు, పై సందులో తేటగా ఉన్నవాటిలో కొందరు. ఒక్కో ఆకు సందూ ఒక్కో వాటాలా ఉంది. ఎవరి వాటాలో వాళ్ళు కాపురాలు చేసుకుంటున్నారు. ఆ ఇంటి మెట్ల మీద ఆరేళ్ళుగా ఎనిమిది ఊళ్ళున్నాయి, తనిఖీ చేసే మనిషికే తెలియలేదు.

ఇందులో ఉన్నవి ఆ జ్వరం దోమ పిల్లలేనా? అయితే చిన్నదాన్ని చంపిందెవరు?

ఆ ప్రశ్న వచ్చాక మరి ఆలోచించలేదు. గిన్నెలోవన్నీ ఒక సీసాలోకి ఎత్తి మూత బిగించింది. లోపలికి పోయి పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టింది. ఆయన వచ్చేలోపు ఎనిమిది మొక్కల గరాటుల్లోనూ ఆ మరిగే నీళ్ళు పోసింది. ఆకులు ఉడికిన వాసన మెట్లంతా కొట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాలిన చేతులు ఆవిడవి, ఉడికిన ఆకులు చిన్నదానివి.

"ఏమిటీ వాసన?" అన్నాడు ఆయన, వస్తూనే.

"మొక్కలు కుళ్ళిపోయాయి. వేణ్ణీళ్ళు పోశాను."

ఆయన వంగి ఒక ఆకు పట్టుకుంటే అది చేతిలోకి ఊడొచ్చింది. దాన్ని అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళాడు. బల్ల మీద పెట్టాడు.

శుక్రవారం పొద్దున్నే ఆవిడ సీసా సంచిలో వేసుకుని ఆఫీసుకి వెళ్ళింది. సీసాలు చూసే ఆయన్ని అద్దాల మాస్టారు అంటారు. కళ్ళకి అద్దాలు, కళ్ళ ముందు మళ్ళీ పెద్ద అద్దం, రోజంతా దాని కిందే తలకాయ. వెనకాల గదిలో ఒక్కడే కూర్చుంటాడు. మంచివాడే, రూలు దగ్గర మాత్రం రాయి.

"రామ్మా పిన్నీ, ఏ ఇల్లు?" అన్నాడు తలెత్తకుండానే.

ఆవిడ సంచిలో సీసా పిడికిట్లో బిగించి పట్టుకుంది. "నంబరు రాయలేదు మాస్టారూ. రాయకుండా చూస్తారా?"

"నంబరు లేని సీసా తండ్రి లేని బిడ్డ. ఎక్కడ పెట్టుకోను? వెళ్ళి కనుక్కుని రాసుకురా."

ఇల్లు ఆవిడకి తెలియకనా! పెన్ను జేబులోనే ఉంది. మూడంకెలు. అవి రాస్తే మొన్న తను సంతకం పెట్టిన కాగితం అబద్ధమవుతుంది. అది కాదు అసలు భయం. రాశాక మాస్టారు అద్దంలో చూసి ఒక మాట అంటాడు. ఆ మాట విన్నాక మెట్లెక్కి ఇంటికెళ్ళాలి.

"మళ్ళీ వస్తాను" అంది. శని ఆదివారాలు మాస్టారు గదికి తాళం. సీసాని చేతిరుమాల్లో చుట్టి చిన్నదాని బట్టల అర కింద పెట్టింది. తీసిన రోజే ఇవ్వాలన్న రూలు గుర్తుకు రాకపోలేదు. ఎందుకా రూలు అని మాత్రం ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు. ఆ రెండ్రోజులూ అర తెరవలేదు.

ఆదివారం నీళ్ళ బిందెతో మెట్లెక్కుతుంటే ఇస్త్రీ బాబాయ్ పిలిచాడు.

"అమ్మా, మీ ఆయనకి నా మీద కోపమేంటి? మూడు వారాలుగా బట్టలు ఇవ్వట్లేదు. నలిగిన చొక్కాలతో పోతున్నాడు, చూడలేకపోతున్నా."

"కోపం కాదు బాబాయ్. మనసు బాలేదు."

"అది నాకు తెలీదా? చిన్నమ్మ పోయాక పొద్దున్నే నన్ను పలకరించేవాళ్ళే లేరు. 'బాబాయ్, పెట్టె వేడెక్కిందా, నువ్వు వేడెక్కావా' అనేది రోజూ." అతను నవ్వబోయి ఆగిపోయాడు. "ఇంటి ఓనరు చెప్పాడు, రేపెవరో వస్తున్నారట నా డ్రమ్ము చూడ్డానికి. నువ్వు పంపిస్తున్నావా?"

"నేను కాదు."

"మరైతే ఫర్వాలేదులే. నా డ్రమ్ము సంగతి నీకు తెలుసు కదా. నువ్వు చెప్తే వింటారు."

ఆవిడ బిందె చంక మార్చుకుంది. మెట్లెక్కేసింది. పైకొచ్చాక బిందె దించలేక కాసేపు అలాగే నిలబడింది.

సోమవారం ఆఫీసు తలుపులు తీసేసరికే మాస్టారి గది ముందుంది. చేతిరుమాలు విప్పి, చూడకుండానే, సీసా మీద తన ఇంటి నంబరు రాసింది. బల్ల మీద పెట్టింది.

మాస్టారు నంబరు చదివాడు. ఆవిడ మొహం చూశాడు. కుర్చీ జరిపి "కూర్చోమ్మా" అన్నాడు. పన్నెండేళ్ళలో ఆ గదిలో ఆవిణ్ణి ఎవరూ కూర్చోమనలేదు.

"ఎక్కడ తీశావు?"

"మెట్ల మీది మొక్కల్లో. ఆకుల సందుల్లో నీళ్ళు నిలుస్తాయి మాస్టారూ. చిన్నదాని మొక్కలు. నేనెప్పుడూ పళ్ళేలే చూశాను."

ఆయన సీసాలో నీళ్ళు గాజు పళ్ళెంలో వంచి, అద్దం కింద పెట్టి, చాలాసేపు చూశాడు. పళ్ళెం అటూ ఇటూ తిప్పాడు. సూదితో కెలికాడు.

"ఎప్పుడు తీశావు?"

"గురువారం సాయంత్రం."

"ఎన్నున్నాయి అప్పుడు?"

"దోమపిల్లలే ఇరవై పైన. ఎర్ర పురుగు, నత్త, ఇంకా ఏవేవో ఉన్నాయి."

"రా, చూడు."

ఆవిడ అద్దానికి కన్ను పెట్టింది. గింజల్లాంటివి రెండు తిరుగుతున్నాయి. నత్త ఉంది. పళ్ళెం నడుమ మాత్రం ఆ పెద్దది, ఇంకా లావెక్కి, వేలంత కనిపించింది. నోటి దగ్గర బ్రష్షులా ముళ్ళు. మరేమీ లేవు.

"మిగతావేవి?"

"దాని కడుపులో." మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇదీ దోమపిల్లేనమ్మా. కాకపోతే తోటి దోమపిల్లల్ని తిని పెరుగుతుంది. చెట్టు తొర్రల్లో, ఇలాంటి ఆకుల మధ్యే ఉంటుంది. రోజుకి పది తిన్నా తింటుంది. ఎర్ర పురుగునీ వదల్లేదు. పెద్దదై రెక్కలొచ్చాక మనుషుల్ని కుట్టదు, పూలల్లో తేనె తాగి బతుకుతుంది. దీంతో కలిపి వాటిని ఒకే సీసాలో నాలుగు రోజులు మూతపెట్టావు. అందుకే తీసిన రోజే ఇమ్మనేది."

"ఆ తిన్నవి జ్వరం దోమవా?"

"చెప్పలేను. రెండు తలకాయ తొక్కలు దొరికాయి, నమిలేసినవి. వాటిని బట్టి ఏ జాతో చెప్పలేం."

"ఇలాంటిది ఉన్నచోట జ్వరం దోమ బతకదంటారా?"

ఆయన వెంటనే అవునంటే ఆవిడ నమ్మేదే. ఆయన అనలేదు. "ఒక్కోసారి బతకదు. ఒక్కోసారి నాలుగు తప్పించుకుంటాయి. ఒక్కో మొక్కలో ఒక్కోలా ఉంటుంది. మిగతా మొక్కల్లోంచి ఇంకో సీసా పట్టుకురా, ఇవాళే చూసి పెడతా."

"వేణ్ణీళ్ళు పోసేశాను. అన్నిట్లో."

గది బయట ఎవరో కుర్చీలు ఈడుస్తున్నారు. మాస్టారు సూది బల్ల మీద పెట్టాడు.

"శుక్రవారం ఇచ్చి ఉంటే?" అంది ఆవిడ.

"సగమైనా మిగిలుండేవి." ఆ మాట అన్నాక బాధపడ్డాడు కాబోలు, గొంతు తగ్గించాడు. "అప్పుడైనా గురువారం ఏమున్నాయో తెలిసేదమ్మా. ఆ అమ్మాయిని కుట్టింది అంతకు నెల ముందు మాట. అప్పుడు ఆ నీళ్ళలో ఎవరున్నారో ఎవరు చెప్తారు?" పళ్ళెం వైపు చూశాడు. "దీన్నేం చెయ్యమంటావు? పారబొయ్యమంటావా?"

జీవితమంతా పారబొయ్యండి అన్న మనిషి ఆవిడ. చెయ్యి అడ్డంగా ఊపి బయటికొచ్చేసింది.

తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికి పోయి, మొన్నటి కాగితం తియ్యమంది. 'నిలవ నీళ్ళు లేవు' అన్నదాన్ని కొట్టేసి, దాని కింద 'ఉన్నవి. చోటు: మొక్క ఆకుల మధ్య' అని రాసి మళ్ళీ సంతకం చేసింది. సూపర్‌వైజరు "ఇలా రాస్తే నీకు మెమో ఇవ్వాల్సొస్తుందమ్మా" అన్నాడు. "ఇవ్వండి. ఇస్త్రీ కొట్టు దగ్గరికి మాత్రం మనిషిని పంపకండి" అంది. ఆయన ఫోను తీసి పక్క వార్డు అతన్ని ఆగమన్నాడు. "మీ ఆయన కాగితం మాత్రం అలాగే ఉంటుంది. ఆయనొచ్చి వెనక్కి తీసుకోవాలి."

సాయంత్రం ఆరింటికి ఆయనొచ్చాడు. ఆవిడ కోటు విప్పకుండా గది నడుమ నిలబడి ఉంది. ఆయన చెప్పులు విప్పీ విప్పకముందే చెప్పేసింది. మొక్కలు, ఆకుల సందులు, సీసా, నాలుగు రోజులు, అందులో మిగిలిన ఒకటి. తల దించుకోకుండా చెప్పింది. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"పళ్ళేలు మాత్రమే చూశావా?"

"ఊఁ."

"వారం వారం, దాని మీద వంగి మరీ."

"ఊఁ."

"అయితే డ్రమ్ములోంచి కాదు."

"కాదు."

"మొక్కల్లోంచే."

"తెలీదు. అదే చెప్తున్నా మీకు. తెలుసుకునే దారి నా చేతులతో నేనే పోగొట్టాను. ఇక ఎప్పటికీ తెలీదు."

ఆయన అరచేతులు మోకాళ్ళకి రుద్దుకున్నాడు. ఆరేళ్ళుగా ఆ మొక్కలకి సెలవురోజుల్లో నీళ్ళు పోసింది ఆయనే. ఆ సంగతి ఆయనకీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. రుద్దడం ఆపేసి చేతులు చూసుకున్నాడు.

"ఎందుకు చెప్పావే?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "వాడుండేవాడు నాకు. పొద్దున్న లేచి తిట్టుకోడానికి కింద ఒకడుండేవాడు. దాంతో రోజు గడిచేది."

"నన్ను తిట్టుకోండి."

"నిన్ను తిట్టుకుంటే సాయంత్రం ఏ ఇంటికి రాను?"

ఆవిడ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. చీకటి పడింది. లైటు వెయ్యడానికి ఎవరూ లేవలేదు.

చివరికి ఆయన లేచాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"ఆఫీసుకి. ఆ కాగితం వెనక్కి తీసుకుంటా."

ఆఫీసు అయిదింటికే మూసేస్తారు. పన్నెండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న ఆవిడకి ఆ సంగతి తెలుసు, ఆ ఉద్యోగి మొగుడికీ తెలుసు. రేపు వెళ్ళచ్చు కదా అనబోయి ఊరుకుంది. మూసిన గేటు దాకా పోయి రావడానికి గంట పడుతుంది. ఆ గంటైనా ఆయన్ని నడవనీ అనుకుంది. ఉడికిపోయిన కుండీలు తప్పించుకుంటూ ఆయన మెట్లు దిగడం, కింద ఇస్త్రీ బాబాయ్ "ఏం బాబూ, ఇప్పుడెక్కడికి?" అనడం, ఆయన చెప్పుల చప్పుడు ముందుకి పోకుండా అక్కడే ఆగిపోవడం పైనుంచి వింది.